ఒక్క మాను చాలదు

(చిప్పగిరిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఈ సభ మాకు చదువు చెప్పిన సారు జ్ఞాపకార్థం. ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. నేను మాత్రం ఈ గంటసేపు ఆయన్ని సారు అనే అంటాను. బడిలో అట్లాగే పిలిచాం, పొలం గట్ల మీద ఎదురైనా అట్లాగే పిలిచాం. తన పేరు మైకులో పలికితే ఆయన తల దించుకునేవారు. ఆ సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు.

ఈ ఊళ్లో ఉపన్యాసం చెప్పడమంటే నాకు భయభక్తులున్నాయి. హరిదాసు విజయదాసులు పాడిన ఊరు ఇది. 1755లో ఆయన ఇక్కడే తనువు చాలించారు. కార్తీకమాసంలో ఆరాధనకు కన్నడ సీమ నుంచి, మన సీమ నుంచి జనం వచ్చి ఆ పాటలు పాడుకుంటారు. 1953 దాకా మనం బళ్లారి జిల్లాలో ఉన్నవాళ్లం, తెలుగు, కన్నడం రెండూ మన నోట్లో ఆడేవి. అంతకు చాలాముందు ఇది జైనుల ఊరు. కొండమీది పాత జైన గుడి అందుకు సాక్ష్యం. ఇట్లాంటి ఊళ్లో మాట్లాడటానికి నేను ఎంచుకున్న విషయం అత్తిపండు, దాని లోపలి పురుగు. వినగానే చిన్న విషయం అనిపిస్తుంది. కానీ ఆ కొండమీది జైనులకూ ఈ పండుకూ సంబంధం ఉంది. ఆ సంబంధం దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సారు ఒకరోజు వంక దగ్గరి అత్తిమాను నుంచి రెండు కాయలు తెచ్చారు. రెండూ ముదిరినవే, ఇంకా మెత్తబడలేదు. ఒకదాన్ని బ్లేడుతో నిలువునా కోసి బల్లమీద పెట్టారు. రెండోదాన్ని గాజుసీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి కిటికీలో ఉంచారు. కోసిన కాయలో నల్లటి చుక్కల్లాంటివి కదులుతుంటే ముందు బెంచీ పిల్లలు మొహం తిప్పుకున్నారు. "పురుగు పడిందని పారేయొద్దురా. అది లోపలికి ఎట్లా పోయిందో అడుగు," అన్నారు సారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే సీసాలోని కాయకు సన్నటి చిల్లు పడి ఉంది, గుడ్డ లోపలివైపు చిన్న చిన్న ఈగలు పాకుతున్నాయి. సారు గుడ్డ విప్పారు. అవి కిటికీలోంచి వెళ్లిపోయాయి. ఎక్కడికి వెళ్లాయి సార్ అని ఎవరో అడిగితే, "ఇంకో అత్తిమాను దగ్గరికి. దొరికితే బతుకు, దొరక్కపోతే లేదు," అన్నారు. నలభై ఏళ్లుగా ఆ జవాబు నాకు గుర్తుంది. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ మాటకు వివరణే.

ముందు పండు సంగతి చూద్దాం. అత్తి, మర్రి, రావి, జువ్వి, బజారులో కొనే అంజూర, ఇవన్నీ ఒకే కుటుంబం. శాస్త్రం దీన్ని ఫైకస్ అంటుంది. ప్రపంచంలో ఈ జాతులు 750కి పైనే ఉన్నాయి. వీటిలో దేనికీ పువ్వు కనిపించదు. ఎప్పుడో అరుదుగా వచ్చే చుట్టాన్ని తమిళులు అత్తి పూచినట్టు వచ్చావంటారు. బెంగాలీలు కూడా కంటికి కనబడకుండా పోయినవాణ్ని అత్తిపువ్వుతోనే పోలుస్తారు. సంస్కృతంలో, పువ్వు చూపకుండా కాయ కాసే చెట్టునే వనస్పతి అన్నారు. నిజానికి పువ్వు లేకపోవడం కాదు. మనం కాయ అనుకునేదే ఒక పూలగుత్తి. పొద్దుతిరుగుడు పువ్వును అరచేతిలో పెట్టుకుని అంచులన్నీ లోపలికి ముడిచి, గుప్పిట మూశారనుకోండి. పూలన్నీ లోపల, కాడ బయట. అత్తికాయ అట్లాంటి గుప్పిట. లోపలి గోడనిండా వేలకొద్దీ చిన్న పూలుంటాయి. కాడకు ఎదురుగా, కాయ కొనలో, పొలుసులతో మూసుకున్న సన్నటి దారి ఒకటి ఉంటుంది. తేనెటీగ అక్కడికి చేరలేదు, గాలి చేరలేదు. పుప్పొడి లోపలికి వెళ్లాలంటే ఆ దారిలో దూరగలిగిన ప్రాణి ఏదైనా మోసుకెళ్లాలి.

ఆ ప్రాణి సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవున్న ఈగ. శాస్త్రవేత్తలు దీన్ని కందిరీగల వర్గంలో చేరుస్తారు. అయితే ఇది మనిషిని కుట్టదు. నేను దీన్ని అత్తి ఈగ అంటాను. మన అత్తికి వచ్చేది సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్, రావికి వచ్చేది ప్లాటిస్కాపా క్వాడ్రాటిసెప్స్, మర్రికి వచ్చేది యూప్రిస్టినా మసోని. ఎవరి చెట్టు వారిదే. రచ్చకట్ట మీద రావీ మర్రీ పక్కపక్కనే ఉన్నా, రావి ఈగ మర్రికాయలోకి దూరదు. ఒకే చెట్టుకు రెండు మూడు జాతుల ఈగలు పనిచేసే సందర్భాలు ఇటీవల బయటపడుతున్నాయి కానీ, మొత్తం మీద ఈ కట్టుబాటు నిలిచే ఉంది.

కాయ లేతగా ఉండి, లోపలి ఆడపూలు పుప్పొడికి సిద్ధమైనప్పుడు, మాను ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అది అందదు. ఆ వాసన పట్టుకుని ఆడఈగ వస్తుంది. పొలుసుల మధ్య తల దూరుస్తుంది. దాని తల చదునుగా ఉంటుంది, దవడ కింద వెనక్కి తిరిగిన పళ్ల వరస ఉంటుంది. ముందుకు పాకడానికే ఆ ఏర్పాటు, వెనక్కి జారడానికి వీల్లేదు. దారి ఎంత ఇరుకంటే, లోపలికి చేరేసరికి రెక్కలు ఊడిపోతాయి, మీసాల కొనలు విరిగిపోతాయి. కాయ కొన దగ్గర భూతద్దం పెట్టి చూస్తే పొలుసుల్లో చిక్కుకున్న రెక్కలు కనిపిస్తాయి. సారు మాకు చూపించారు. ఇంక ఆ ఈగకు తిరుగుప్రయాణం లేదు.

లోపల చీకటి. ఆ ఆడఈగ ఎదమీద రెండు సంచులుంటాయి. పుట్టిన కాయలో, బయలుదేరేముందు, ముందుకాళ్లతో పుప్పొడి గీరి ఆ సంచుల్లో నింపుకుని వచ్చింది. పుప్పొడి దానంతటదే ఒంటికి అంటుకుని వచ్చిందని అనుకోవద్దు. కూలికి వెళ్లే మనిషి సద్ది కట్టుకున్నట్టు, పని తెలిసి నింపుకున్నది. ఇక్కడ ఒక్కో పువ్వు మీదా గుడ్డు పెట్టే సూదిని దించుతుంది, సంచిలోంచి పుప్పొడి తీసి పూసి ముందుకు కదులుతుంది. గుడ్డు పడిన పువ్వు ఉబ్బి బుడిపె అవుతుంది, దానిలో ఒక పిల్ల పెరుగుతుంది. పుప్పొడి మాత్రమే అందిన పువ్వు గింజ అవుతుంది. పని ముగించి ఆ తల్లి సాధారణంగా ఆ కాయలోనే చనిపోతుంది.

కొన్ని వారాలు గడుస్తాయి. కాయ ముదురుతుంది. బుడిపెల్లోంచి ముందు మగఈగలు వస్తాయి. వాటికి రెక్కలు లేవు, చూపు దాదాపు లేదు. ఇంకా పుట్టని ఆడఈగలను వెతుక్కుని, బుడిపెలకు చిల్లు పెట్టి అక్కడే కలుస్తాయి. తర్వాత మగవన్నీ కలిసి కాయ గోడను తొలుస్తాయి. ఆ సొరంగం వాటి కోసం కాదు. బయట పడ్డవి చీమల పాలవుతాయి, మిగిలినవి లోపలే చస్తాయి. అదే సమయానికి ఆ కాయలోని మగపూలు విచ్చుకుంటాయి. ఆడఈగలు పుప్పొడి నింపుకుని ఆ సొరంగం గుండా వెలుతుర్లోకి వస్తాయి. సారు సీసా గుడ్డ మీద మేం చూసినవి అవే. అవి వెళ్లాక కాయ మెత్తబడి, ఎర్రబడి, తీపెక్కుతుంది. కాకి, గోరింక, గువ్వ, ఉడత, రాత్రిపూట గబ్బిలం వచ్చి తింటాయి, గింజలు మోసుకెళ్తాయి.

అత్తికే మేడి అని ఇంకో పేరు. మేడిపండు అనగానే తెలుగువాడికి వేమన్న గుర్తొస్తాడు. పిరికివాడి బింకానికి ఈ పండును పోలిక తెచ్చాడు ఆయన. ఎవరైనా పైకి నిగనిగలాడుతూ లోపల కుళ్లు పెట్టుకుంటే ఇప్పటికీ ఊళ్లో మేడిపండు అంటాం. వేమన్న చూసింది నిజమే. పొట్ట విప్పి చూసే మనిషి ఆయన, వినికిడి మీద పద్యం చెప్పే రకం కాదు.  కానీ ఆ పురుగు పండుకు పట్టిన చీడ కాదు. అది లేకపోతే ఆ పండులో మొలిచే గింజ ఒక్కటి ఉండదు. చెట్టు దాన్ని దాచిపెట్టలేదు, దానికి ఇల్లు కట్టి పెట్టింది. పోలిక మనిషికి చెల్లుతుంది, పండుకు చెల్లదు. మూడు వందల ఏళ్లకు పైగా పండుమీద పడ్డ ఆ అపవాదును తెలుగు బడుల్లో సైన్సు పాఠం అయినా తీసెయ్యాలని నా కోరిక.

ఇదే పొట్ట విప్పి చూసినవాళ్లు ఇంకొకరున్నారు. జైన గృహస్థుడు వదిలిపెట్టాల్సిన వాటిలో మద్యం, మాంసం, తేనెలతోపాటు అయిదు పండ్లున్నాయి. వాటిని పంచ ఉదుంబరాలంటారు. మర్రి, రావి, అత్తి, జువ్వి, కాకోదుంబరం అనే బొమ్మమేడి. సుమారు పదో శతాబ్దికి చెందిన అమృతచంద్రుడి పురుషార్థసిద్ధ్యుపాయం లాంటి గ్రంథాలు కారణం కూడా చెప్పాయి. ఆ పండ్లలో ప్రాణులు పుడతాయి, తింటే హింస. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ జాబితా. ఆకు చూస్తే మర్రికీ అత్తికీ పోలిక లేదు. కాయ సైజులో రావికీ అత్తికీ పోలిక లేదు. అయినా ఆ అయిదింటినీ ఒకే వరసలో పెట్టారు. ఇవాళ వృక్షశాస్త్రం ఫైకస్ అని ఒక్క పేరు కింద చేర్చిన చెట్లవి. సూక్ష్మదర్శిని లేదు, జన్యుపరీక్ష లేదు. లోపల ప్రాణముందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో కుటుంబాన్ని సరిగ్గా పట్టుకున్నారు. ఆ కొండమీది గుడికి వచ్చిపోయిన మునులూ, ఊళ్లోని శ్రావకులూ వంక ఒడ్డున అత్తిమాను కింద నిలబడినా పండు ముట్టి ఉండరు. మనం ఆ నియమం పాటించకపోవచ్చు. కానీ పురుగును చూసి అసహ్యపడకుండా ప్రాణమని గుర్తించినవాళ్లు ఈ ఊళ్లో మనకు ముందే తిరిగారు.

పురుగును కాదని పండు పండించబోయి ఓడిపోయిన కథ ఒకటి చెబుతాను. టర్కీలో స్మిర్నా అంజూర ప్రసిద్ధి. 1880ల్లో కాలిఫోర్నియా రైతులు ఆ చెట్ల కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు వచ్చాయి, ముదరకముందే రాలిపోయాయి. ఏటా అదే తంతు. కారణం ఈగ లేకపోవడం. గ్రీకుల కాలం నుంచే మధ్యధరా రైతులు అడవి అంజూర కాయలను తోట చెట్లకు వేలాడగట్టేవారు, ఆ సంగతి ప్రాచీన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాసిపెట్టాడు. వేల ఏళ్లుగా రైతులు చేస్తున్న పనిని కాలిఫోర్నియాలో కొందరు పాత మూఢనమ్మకం అని కొట్టిపారేశారు. చివరికి 1899లో ఫ్రెస్నో దగ్గర జార్జ్ రోడింగ్ తోటలో అంజూర ఈగ నిలదొక్కుకుంది, ఆ తర్వాత పంట నిలబడింది. మన బళ్లారి, అనంతపురం వైపు పండించే అంజూరకు ఈ అవసరం లేదు, అవి పుప్పొడి లేకుండానే పండే రకాలు. వాటిని శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు.

ఇదంతా ఎంతకాలంగా నడుస్తోంది? ఇంగ్లండు దక్షిణ తీరాన వైట్ దీవిలో దొరికిన ఒక శిలాజాన్ని 1920ల్లో చీమ అనుకున్నారు. 2010లో మళ్లీ చూస్తే అది అత్తి ఈగ. వయసు 3.4 కోట్ల ఏళ్లు. ఎదమీద పుప్పొడి సంచులు ఇవాళ్టివాటిలాగే ఉన్నాయి. చెట్ల, ఈగల జన్యువులు పోల్చినవాళ్లు ఈ స్నేహం సుమారు 7.5 కోట్ల ఏళ్ల నాడు మొదలైందని లెక్కగట్టారు. అంటే రాక్షసబల్లులు ఇంకా నేలమీద తిరుగుతున్న రోజులు. చెట్టు జాతి రెండుగా చీలినప్పుడు ఈగ జాతీ చీలింది. చెట్టు వాసన మారితే ఈగ ముక్కు మారింది. పువ్వు కాడ పొడుగైతే గుడ్డు పెట్టే సూది పొడుగైంది. దీన్ని శాస్త్రం సహపరిణామం అంటుంది. ఇద్దరూ కలిసి మారడం, ఒకరినొకరు మార్చడం.

ఇక్కడ నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న వేరే ఉంది. ఈగ అన్ని పూలలోనూ గుడ్లు పెట్టేస్తే చెట్టుకు గింజ మిగలదు. చెట్టు కడుపు మాడితే ఈగ వంశమూ పోతుంది. కానీ ఒక్కో ఈగకు ఆ దూరాలోచన ఉండదు కదా. మరి ఈ లెక్క ఎవరు కాస్తున్నారు? ఒక జవాబు చెట్టు నుంచి వచ్చింది. పనామాలో జాండర్, హెర్రె అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని 2010లో చూపించారు. పుప్పొడి లేకుండా గుడ్లు మాత్రమే పెట్టి పోయే ఈగలు దూరిన కాయలను చెట్టు రాల్చేస్తుంది, రాల్చకపోతే వాటిలో పిల్లలు తక్కువగా బతుకుతాయి. ఈగ తనంతట తానే పుప్పొడి నింపుకుని మోసే జాతుల్లో ఈ శిక్ష కఠినంగా ఉంది. పని చేసినవాడికి కూలి, చేయనివాడికి లేదు.

రెండో జవాబు దొంగల నుంచి వచ్చింది. అత్తికాయ చుట్టూ ఇంకో రకం ఈగలు తిరుగుతాయి. ఇవి పుప్పొడి మోయవు, లోపలికి దూరవు. బయటినుంచే వెంట్రుకకన్నా సన్నటి పొడవాటి సూదితో కాయ గోడను తొలిచి, లోపలి పిల్లలమీద గుడ్లు పెడతాయి. ఆ సూది వంగకుండా గట్టి కాయను ఎట్లా తొలుస్తుందని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నమ్రతా గుండయ్య, లక్ష్మీనాథ్ కుందనాటి పరీక్షించి 2014లో ప్రచురించారు. దాని కొనకు జింకు పట్టి గట్టిపడి ఉంది. అక్కడే రెనీ బోర్జెస్ బృందం మన అత్తిచెట్టు మీద ఏళ్లతరబడి పనిచేసింది. వాసనలు, చీమలు, ఈగల మీద సవారీ చేసే నులిపురుగులు, ఒక్క కాయ చుట్టూ ఎంత లోకం ఉందో చూపించింది. సరే, సూది ఎంత పొడవైనా దానికి ఒక హద్దు ఉంటుంది. కాయ గోడకు దగ్గరగా ఉన్న పూలను అందుకుంటుంది, నడిమధ్య పూలను అందుకోలేదు. 2008లో ఆస్ట్రేలియా చెట్ల మీద చేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, మధ్యవైపు పూలలో పెట్టిన గుడ్లే ఎక్కువగా బతుకుతున్నాయి. కాబట్టి తల్లి ఈగకు మధ్యపూలే మేలు. గోడవైపు పూలు గింజలకు మిగులుతాయి. దొంగ భయం వల్ల చెట్టు వాటా చెట్టుకు దక్కుతోంది. మనం పనికిరానిదని చంపేసే ప్రాణికి కూడా ఇట్లాంటి ఉద్యోగం ఏదైనా ఉందేమోనని పొలంలో మందు కొట్టేముందు ఒక్క నిమిషం ఆలోచించాలి.

ఇప్పుడు సారు జవాబు దగ్గరికి వస్తాను. ఇంకో అత్తిమాను దొరికితే బతుకు, దొరక్కపోతే లేదు.

ఒక మాను కాయలన్నీ సాధారణంగా ఒకే ఈడులో ఉంటాయి. ఈగలు బయటికి వచ్చే రోజుకు ఆ మాను మీద లేతకాయ ఉండదు. పుట్టింటిలో చోటు లేదు. ఆ ఈగ బతుకు ఒకటి రెండు రోజులు, తినడం లేదు. ఆ లోపల వేరే మానును, అదీ సరిగ్గా ఆ రోజుల్లో లేతకాయ మీద ఉన్న మానును చేరాలి. మన సీమలో వానలు లేని ఏడు జనం ఇంటికి తాళం వేసి, పిల్లలను చంకనేసుకుని మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ఎక్కడ పని ఉంటే అక్కడికి. వాళ్లు ఉగాదికి తిరిగొస్తారు. ఈగ తిరిగిరాదు. అది వెళ్లిన చోటే కొత్త ఊరు.

అది ఎంత దూరం పోగలదు? ఆఫ్రికాలో నమీబియా ఎడారిలో, ఎండిన నదుల వెంట అత్తి జాతి చెట్లు దూరదూరంగా ఉన్నాయి. మన వంకల వెంట ఉన్నట్టే అనుకోండి. అక్కడ ఏ గింజకు ఏ చెట్టు పుప్పొడి చేరిందో జన్యుపరీక్షతో చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం ఈగలు 160 కిలోమీటర్ల దాకా పుప్పొడి మోశాయి. చిప్పగిరిలో బయలుదేరిన ఈగ కర్నూలు దాటి పోయినంత దూరం. రెక్కలతో కాదు, చెట్లకు పైన వీచే గాలిలో తేలిపోయి, వాసన తగలగానే కిందికి దిగుతాయి. గాలి దూరం తీసుకెళ్తుంది, నిజమే. కానీ దిగడానికి చెట్టు ఉండాలి. ఎన్ని చెట్లు ఉండాలని 1990లో శాస్త్రవేత్త బ్రాన్‌స్టైన్, ఆమె సహచరులు కంప్యూటర్‌తో లెక్కగట్టారు. ఒక చోట ఈగల వంశం నాలుగేళ్లు తెగకుండా సాగాలంటే సుమారు 95 చెట్లు కావాలని తేలింది. కాయలు ఎక్కువ రోజులు లేతగా ఎదురుచూడగలిగితే ఆ సంఖ్య తగ్గుతుందని తర్వాతి లెక్కలు చెప్పాయి. సంఖ్య ఏదైనా సారాంశం ఒక్కటే. ఏడాదిలో ఏ వారం చూసినా, ఈగకు అందే దూరంలో ఎక్కడో ఒక మాను లేతకాయ మీద ఉండాలి. ఆ వరస ఒకసారి తెగితే అంతే.

తెగుతుందా అని అడగొచ్చు. 1998లో తెగింది. బోర్నియో దీవిలో లంబీర్ కొండల్లో ఆ ఏడాది మొదటి నెలల్లో ఎల్‌నినో కరువు పడింది. చెట్లు కాయడం మానేశాయి. ఆ కొద్ది నెలల్లోనే కొన్ని అత్తి జాతుల ఈగలు అక్కడ పూర్తిగా అంతరించాయని హారిసన్ అనే పరిశోధకుడు 2000లో రాశాడు. చెట్లు నిలబడే ఉన్నాయి. ఈగలు లేవు. కోట్ల ఏళ్ల బంధం కొన్ని నెలల ఎండకు తెగింది. అది తడి అడవి. మనది ఆలూరు, ఆదోని, పత్తికొండ. కరువు మనకు చుట్టం కాదు, ఇంటివాడు. సింగపూరులో 2013లో చేసిన పరీక్షలో ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెరిగితే ఈగల ఆయుష్షు ఇంకా తగ్గిపోయింది. రెండు రోజుల బతుకులో కొన్ని గంటలు పోతే ఎంత పోయినట్టో మీరే చూడండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. అక్కడ మన మర్రిని అలంకారానికి నాటుకున్నారు. ఈగ లేనన్నాళ్లూ అది నాటినచోటే ఉండిపోయింది. 1980ల నాటికి మర్రి ఈగ ఎట్లాగో చేరుకుంది. అప్పటి నుంచి గోడల మీద, వంతెనల మీద మర్రిమొక్కలు మొలవడం మొదలైంది. మన పాత కోటగోడల మీద, బావి రాళ్ల మధ్య, గుడి శిఖరం మీద మొలిచిన రావిమొక్కను మనం తిట్టుకుంటూ పీకేస్తాం. పీకండి, గుడి నిలవాలి. కానీ పీకేముందు ఒకటి తెలుసుకోండి. ఆ మొక్క అక్కడుందంటే ఈ చుట్టుపక్కల ఎక్కడో ఒక ఈగ రెక్కలు విరగ్గొట్టుకుని ఒక కాయలోకి దూరింది. ఇంకా ఇక్కడ వరస తెగలేదని ఆ మొక్క చెబుతోంది.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను మన సీమకు గర్వం. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది, 19,107 చదరపు మీటర్ల నీడ. దాన్ని కంచెలు వేసి కాపాడుకుంటున్నాం, మంచిదే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పడితే 2018లో సెలైను సీసాలతో మందెక్కించి నిలబెట్టారు, అదీ మంచిదే. కానీ ఎంత పెద్ద మానైనా ఈగ లెక్కలో ఒక్క చెట్టే. హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే దారిలో చేవెళ్ల దగ్గర, రోడ్డు వెడల్పు పని తలపెట్టేనాటికి, వరసగా దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. ఆ పనిలో అవి పోతాయంటే ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. కొందరు నీడ కోసం పోరాడారు, కొందరు అందం కోసం. నా దృష్టిలో ఆ 900 చెట్ల వరస ఒక ఈగల దేశం. దాన్ని ముక్కలు చేయకూడదు. వేరే చోట నాటుతాం అన్నారు. కొమ్మలన్నీ నరికి లారీకెక్కించిన మాను బతికినా, మళ్లీ కాయడానికి ఏళ్లు పడుతుంది. ఈగకు ఉన్నది రెండు రోజులు.

మన దగ్గర రావికీ మర్రికీ కొంత రక్ష ఉంది. రావికి వేపతో పెళ్లి చేస్తాం, కింద నాగరాళ్లు పెడతాం, కట్ట కడతాం. గొడ్డలి ఎత్తినవాడి చెయ్యి కాస్త వణుకుతుంది. అత్తికి ఆ రక్ష లేదు. దత్తాత్రేయుడు ఔదుంబరం అనే అత్తిమాను కింద ఉంటాడని పూజించేవాళ్లు కూడా వంక ఒడ్డున పెరిగిన అత్తిని పట్టించుకోరు. వంక పూడ్చి పొలంలో కలుపుకున్నప్పుడు, ఇసుక తోడినప్పుడు, దారి వేసినప్పుడు ముందు పడేది అదే. మా చిన్నప్పటి వంక దగ్గర, సారు కాయలు కోసుకొచ్చిన మాను ఇప్పుడు లేదు. ఎవరు కొట్టారో, ఎవరు కొట్టమన్నారో ఆ మాట ఇక్కడ తీయను. ఒక్క చెట్టే కదా అన్నారట. లెక్క తెలియక అన్నమాట అది.

సారుకు లెక్క తెలుసు. ఆయన ఇంట్లో గళ్ల నోటుబుక్కు ఒకటి ఉండేది. వంక వెంట ఉన్న అత్తిమానులకు, దారుల మీది మర్రి, రావి మానులకు ఒక్కోదానికి ఒక పేజీ. ఏ నెలలో లేతకాయ, ఏ నెలలో పండు, ఏ ఏడు కాయలేదు, ఎవరి పొలం గట్టు. ఆదివారాలు సైకిలు మీద తిరిగి రాసుకునేవారు. సారు ఇంటి అమ్మగారు దాన్ని భద్రపరిచి, నిన్న నా చేతిలో పెట్టారు. నేను చదివినంతలో, ఒకదాని వంతు అయ్యేసరికి ఇంకోదాని వంతు వచ్చేది. ఇట్లా మానులు వంతులు వేసుకుని ఈగలను బతికించాయి. ఆ వంతుల్లో ఇప్పుడు ఖాళీలు పడ్డాయి.

అందుకని ఈ సభకు నా విన్నపం. సారు పేరున స్తూపం కట్టాలని కమిటీవారు ఆలోచిస్తున్నారని విన్నాను. ఆ డబ్బుతో వంకల వెంట, కాలువ గట్ల వెంట, బడి ఆవరణల్లో అత్తి, మర్రి, రావి, జువ్వి నాటించండి. అన్నీ ఒకే మాను కొమ్మలు కాకుండా వేర్వేరు ఊళ్ల మానుల నుంచి గింజలు, కొమ్మలు తెచ్చి నాటండి. చిప్పగిరి ఒక్కటే చేస్తే చాలదు, ఆలూరు, హాలహర్వి, ఆదోని, ఎమ్మిగనూరు దాకా వరస కలవాలి. ఉన్న అత్తిమానును కొట్టేముందు దాని తర్వాతి మాను ఎంత దూరంలో ఉందో కొలవండి.

పిల్లలూ, మీకు ఒక పని. ఈ నోటుబుక్కును ఇప్పుడే మీ హెడ్‌మాస్టరుగారికి ఇస్తున్నాను. దానిలో చాలా పేజీలు తెల్లగానే ఉన్నాయి. మీ ఇంటికీ మీ పొలానికీ మధ్య ఉన్న అత్తి, మర్రి, రావి మానులను ఈ ఆదివారం వెళ్లి చూడండి. లేతకాయ ఉందా, పండు ఉందా, బోసిగా ఉందా చూసి, సోమవారం పొద్దున వచ్చి తేదీ వేసి రాయండి.